ఎడమ దవడ

నలభై ఏళ్లు గెంట్‌లో కట్టుడు పళ్లు చేశాను.
తెలుపులో పదహారు తెలుపులు తెలుసు నాకు:
కాఫీ తెలుపు, చుట్ట తెలుపు,
చిన్నప్పుడు జ్వరానికి మింగిన మందుల తెలుపు.
ఆ మడతల కాలరు నాకో లెక్కా అనుకున్నాను.

సోమవారం మ్యూజియానికి సెలవు.
నకలు రాసుకునేవాళ్లకి పక్క తలుపు తీస్తారు.
కావలి యోరిస్ నా కాన్వాసు టేపుతో కొలిచాడు.
అసలు కంటే ఐదో వంతు చిన్నదుండాలట.
"దొంగతనమైనా చిన్నగా చెయ్యాలన్నమాట" అన్నాను.
నవ్వలేదు.

గోడ మీద ఆవిడ, ఉప్పు వర్తకుడి భార్య.
వేసినవాడెవడో ఎవరికీ తెలీదు,
మూలన 1631 అని మాత్రం గీకి ఉంది.

ముందు గోధుమరంగు పూత. వారం ఎండాలి.
నీడలు పలచగా, వెలుగులు చిక్కగా,
నూనె తక్కువది కింద, ఎక్కువది పైన.
"నీకు తెలిసిన మొహం వెయ్యకు,
కనబడే మచ్చలు పెట్టు" అంటుంది
నాకన్నా ముప్ఫై ఏళ్లు చిన్నదైన మా పంతులమ్మ లూట్‌గార్త్.

కాలరు నవంబరుకే అయిపోయింది.
నోరే.
దిద్దిన ప్రతిసారీ ఆవిడ ఇంకెవరో అయ్యేది:
ఓసారి మా ఆడపడుచు,
ఓసారి చేపలమ్మే ఫ్లోరిమాండ్, మీసం ఒక్కటే తక్కువ.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు
టర్పెంటైన్ గుడ్డతో మొత్తం తుడిచేసేదాన్ని.

ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం, చెయ్యి నొప్పెట్టి
కుంచె కింద పెట్టి
నా పాత కొట్లో చూసినట్టు చూశాను.

ఎడమ వైపు, కింద, మూడు పళ్లు లేవు.

ఆ ఖాళీలో నాలుక ఆనించి కూర్చుందావిడ,
నా దగ్గరికొచ్చిన వాళ్లంతా కూర్చున్నట్టే.
పక్కన అట్టముక్క మీద "గుంభనమైన చిరునవ్వు" అని రాశారు.
చిరునవ్వా, పాడా!
ఎప్పుడయిపోతుందా అని చూస్తోంది.

ఆయనకి పళ్ల సంగతి తెలిసుండదు.
దవడ ఎముక కింద కాస్త పచ్చదనం కనబడింది,
పెట్టాడు.
లేసుకి డబ్బిచ్చిన మొగుడు పక్కనే నిలబడి ఉంటాడు,
అయినా పెట్టాడు.

పచ్చమట్టి రంగు, చీమ తలకాయంత.
కుంచె మొనకి తీసుకున్నాక
చెయ్యి ముందుకి రాదు.
గుంట కనబడితే పూడ్చే చెయ్యి ఇది,
నలభై ఏళ్ల అలవాటు.

అయిదింటికి తాళాల చప్పుడు.
యోరిస్ ఆవిణ్ణి చూశాడు, నా దాన్ని చూశాడు,
తనకి తెలీకుండానే తన దవడ తడుముకున్నాడు.
తరవాత అన్నాడు:
"చెవి పెద్దదైంది."

నిజమే. పెద్దదైంది.
వచ్చే సోమవారం.