సంబంధం అనే గడి

కుప్పంలో నా అంగడి
రైల్వే గేటుకు నాలుగంగల దూరం.
షట్టరు కాడ నిలబడితే ఆంధ్రా సిగ్నలు,
బల్ల చివరికి జరిగితే కర్ణాటక,
మబ్బు పట్టిందంటే తమిళనాడు స్వాగతం చెబతాది.
యా రాజ్యంలో ఉండాదో ఫోనుకే తెలీదు.
నాకు అలవాటైపోయింది.

అబ్షిర్ వచ్చింది పగిలిన డిస్‌ప్లేతో.
మెడికల్ కాలేజీలో నర్సింగు చదువు,
షట్టరు కింద తల వంచి దూరినాడు.
బల్ల మీద ఫోన్లు స్వాగతాలు పలకతా ఉంటే
వచ్చీరాని తెలుగులో అడిగినాడు:
"అక్కా, మీకు ఎన్ని గవర్నమెంట్లు?"

"మూడనుకో. మీకు?"

"నేను పుట్టేటప్పటికే లేదు" అన్నాడు,
కరెంటు పోయిందని చెప్పినంత తేలిగ్గా.

స్క్రూలు ఒక్కోటే మూతలో వేస్తా విన్నా.
చినిగిన నోటు ఎవురూ తీసుకోని సంతలో
వాళ్లమ్మ ఒంటెపాలు అమ్మతాదంట.
కొలిచిన గిన్నె కింద పెట్టకముందే
డబ్బులు ఫోన్లో కుయ్‌మంటాయంట.
ఒక కంపెనీ నంబరు ఇంకో కంపెనీకి పలకదంట,
గట్టు తగాదా పడిన దాయాదుల మాదిరి.
అందుకే ఆమె కొంగులో మూడు ఫోన్లు.

"టవరుకు కావలి?"
"దాంట్లో మాట్లాడుకునేవాళ్లే."
"మోసం జరిగితే?"
"ఓనరు తాత మా తాతకు తెలుసు."

బాగుందే అన్నా.
అతను నవ్వలేదు.
"రాత్రి పది దాటితే కొందరు ఎత్తరు.
ఎందుకు ఎత్తలేదని తెల్లారి అడగం."

ఆ పొద్దే దేశమ్మ వచ్చిపోయింది,
ఇరవైయేండ్లు గ్రానైటు క్వారీలో అరిగిన చేయి.
సిమ్ము కోసరం యంత్రం మీద వేలు పెడితే ఎర్రదీపం.
తుడిచి పెడితే ఎర్రదీపం.
కొబ్బరినూనె రాసినాం, ఎడమచేతిది పెట్టినాం.
మూడు గవర్నమెంట్లు పలికే చోట
ఆ మనిషి ఉన్నట్టు ఒక్కటీ ఒప్పుకోలేదు.
ఇది మాత్రం అబ్షిర్‌కు చెప్పలేదు.
ఎందుకో, మా ఇంటి గుట్టు అనిపించింది.

డిస్‌ప్లే వెలిగింది. సిమ్ము గడువు తీరిపోయుండాది.
కొత్తదానికి పాస్‌పోర్టు, వీసా, కాలేజీ చీటీ,
ఈ ఊర్లో తెలిసినవాళ్లు ఒకరు.
"ఎవురున్నారప్పా?"
గోడకున్న క్యాలెండరు కల్లా చూసినాడు.

నా పేరే రాసినా, చెంగమ్మ అని.
సంబంధం అనే గడి కాడ పెన్ను ఆగింది.
రిపేరు, అని రాసినా.
కొట్టేస్తే కొట్టేయనీ.

కూలి రెండువేల రెండొందలు.
వాళ్లమ్మ ఫోన్లో డబ్బుండాది, అది సముద్రం దాటదు.
నోటుబుక్కులో బాకీ రాసుకున్నా,
సంతకం అడగలేదు.

తొమ్మిదో రోజు రాత్రి షట్టరు దించతా ఉంటే
నా ఫోను మోగింది, పొడుగాటి నంబరు.
అవతల మేకల అరుపు, గాలి,
ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.
ఒక ఆడమనిషి గబగబా ఏమేమో చెప్పింది.
అందులో నాకు తెలిసింది ఒకటే మాట,
"షేంగామా."

"ఆఁ" అన్నా,
"చెప్పమ్మా."