పదిహేడో నంబరు

మొదటిరోజు నా చేతికిచ్చింది స్పానరు కాదు,
నాలుగు పేజీల పార్టుల లిస్టు.
"సదువు" అంది నూకరత్నం, స్టోరు కిటికీ లోంచి.
చదివాను. పేరు, నంబరు, ఎన్ని.
"ఇది సదవడం కాదు, ఎక్కాలప్పజెప్పడం."

ఆటోనగర్‌లో రేకుల షెడ్డు.
పడవల అడుగున చేరే నీళ్లు తోడే పంపులు మావి.
గాలి నిండా ఉప్పు.
నిన్న విప్పిన బోల్టులకి ఇవాళే ఎర్రటి చెమట.

ఆవిడ వేలు కాగితం మీద మెట్లు దిగింది.
ఎడమ అంచున ఉన్నది పంపు.
ఓ అడుగు లోపలికి జరిగింది దాని కడుపులోది.
ఇంకో అడుగు జరిగితే, ఆ కడుపులోదాని కడుపులోది.
"జరుగుడు సూడు. ఎవుడి లోపల ఎవుడున్నాడో తెలుస్తాది."
నాలుగని ఉంటే నాలుగే;
పళ్లెంలో ఒకటి మిగిలిందంటే
పంపులో ఒకటి తక్కువ.
గ్రీజుకి మాత్రం అంకె లేదు,
చేపల పులుసులో ఉప్పుకిలా, "తగినంత".

పదహారు తర్వాత పద్దెనిమిది.
బొమ్మలో మాత్రం చిన్న సున్నాలో పదిహేడుంది,
దాని గీత షాఫ్టు మెడ దగ్గర ఆగింది.
అచ్చుతప్పని నవ్వాను.
ఆవిడ నవ్వలేదు.

బీరువా అడుగునుంచి పాత ప్రతి తీసింది,
నూనె తాగి అవతలి వెలుగు కనబడే కాగితం.
పదిహేడు: రాగి వాషరు, ఒకటి.
పెన్సిలు రాత, గొంప గవరయ్యది.
ఏ ఏడో, భీమిలి ఎదురుగా ఓ పంపు కారిపోయి
రాత్రంతా బకెట్లతో తోడారట.
తెల్లారి హార్బరు నుంచి వచ్చి
టీ అయినా తాగకుండా రాశాడట.

కంప్యూటర్లో ఎక్కించినవాళ్లకి పెన్సిలు ఆనలేదు.
అయినా వాషరు పడుతూనే వచ్చింది,
గవరయ్య సొంత డబ్బాలోంచి, గవరయ్య చేతి అలవాటుగా.
ఆయన పని మానేసి పదకొండు రోజులు.
ఆ రోజుల్లో షెడ్డు దాటినవి నాలుగు.

మధ్యాహ్నం బస్సులో నేను,
జేబులో నాలుగు రాగి వాషర్లు.
జెట్టీ మీద పడవ పడవకీ వంగి
పంపు నంబర్లు వెతికాను, మంచు ముక్కలు తొక్కుకుంటూ.
మూడు దొరికాయి.

నాలుగో పడవ నిన్ననే వేటకెళ్లింది.
ఎప్పుడొస్తుందంటే, వల అల్లుతున్న ముసలాయన
తలెత్తకుండా "చేపని అడుగు" అన్నాడు.

రాత్రి లిస్టులో పదహారు కింద
పెన్సిలు ఒత్తి రాశాను.
వెనక పేజీలో వేలికి తగులుతోంది.
జేబులో వాషరు
ఇంకా వెచ్చగానే ఉంది.