బండ మీద రెండు గీతలు

ఆత్మకూరులో ఎక్కిన జీపు
వాగు కాడ మమ్మల్ని దించి ఎనక్కి తిరిగింది.
అక్కణ్నించి బియ్యం గాడిదల మీద,
రేషను మిషను నా మెడలో.

గుండ్లమిట్ట. పదిహేడు గుడిసెలు.
పద్దెనిమిదోది పోయిన వానకు కూలింది,
తలుపు మాత్రం నిలబడే ఉండాది.
దాన్నెవురూ తోసుకొని పోరు,
పక్కనుంచి పోతారు.

ఊర్లో సిగ్నలు లేదు.
పైన, దున్న పండుకున్నట్టుండే బండెక్కి
చెయ్యెత్తితే రెండు గీతలు.
అందుకే ఊరంతా బండెక్కింది,
చంకలో కోడితో ఒక పిల్లోడు కూడా.

కుడుముల ఈదమ్మ వేలు మిషను ఒప్పుకోల్యా.
కుడిది. ఎడమది. కొంగుతో తుడిచి,
ఉమ్మి రాసి, మళ్లా కుడిది.
"నేను నేనే గదప్పా" అనింది,
నాకు ధైర్యం చెప్తున్నట్టు.

మొగుడు బయ్యన్న నవ్వినాడు:
"పట్టు కోసను నేను లోయలోకి దిగితే
పైన తాడు పట్టుకునేది బామ్మర్ది గాదు, ఇదే.
నలబై ఏండ్లు.
దాని గీతలు కావాలంటే
తాడు మీద చూస్కోపో."

ఎండ జారింది.
రెండు గీతల్లో ఒకటి పోయింది.
నేను మిషను మూసి
తక్కెడ తీసినాను.

దిగేటప్పుడు దొన్నెలో ఇంత తేనె పోసిచ్చింది.
దోవ పొడుగునా నాకుతా వచ్చినాను.

తెల్లారి ఆత్మకూరులో
మిషను తెరుద్దామని నా వేలు పెడితే
ఎవురు నువ్వు
అన్నట్టు ఎర్రలైటు.
కొంగు లేదు నాకు,
చొక్కాకే తుడుచుకున్నాను.