అంగుళానికి మైలు

గుణుపురం పాత స్టేషన్ వెనక
కిలోల లెక్కన కాగితాలు కొనే కొట్లో దొరికింది,
ఉల్లిపొరలా పెళుసెక్కిన
వెనక గుడ్డ అంటించిన సర్వే పటం.
పన్నెండు రూపాయలు.
తూకంలో గుడ్డ బరువే ఎక్కువ.

అచ్చయిన ఏడు పంతొమ్మిది వందల యాభై రెండు.
కొలిచింది అంతకు ముందెప్పుడో.
మూలన చాయ్ గ్లాసు అడుగు వలయం ఒకటి,
అది కొండ కాదని తెలియడానికి
నాకు కాసేపు పట్టింది.

అసలు కొండలు గోధుమరంగు గీతలు,
గంజి ఆరిన కుండలో
మెట్లు మెట్లుగా మిగిలే చారల్లా.
వంశధార ఇప్పటికంటే గోరువెడల్పు పడమటికి ఉంది.
నది జరిగిందో, కాగితం ముడుచుకుందో.

రాష్ట్రం సరిహద్దు
చుక్కా గీతా, చుక్కా గీతా,
పోస్టాఫీసులో తంతి కొట్టినట్టు
కొండల మీంచి పోతుంది.
ఏం కబురు పంపిందో మాకింకా అందలేదు.
మా అమ్మమ్మ రేషను కార్డు ఒడియాలో,
తిట్లు తెలుగులో.

ఒక లోయలో నా చూపు ఆగింది.
జీలుగులోవ.
ఇంగ్లీషు అక్షరాల్లో ఇరుక్కుని
జీలుగు చెట్టు దీర్ఘం పోగొట్టుకుని
ఉత్త జిలుగైపోయిన ఊరు.
ఫోన్లో వెతికితే ఆ చోట
జీడితోటల పచ్చటి ఖాళీ.

గుడారి రోడ్డు కాలనీలో ఉంది పాత్రుని సూరమ్మ,
అక్కడ పుట్టినవాళ్లలో మిగిలిన మనిషి.
ఆదివారం మంచం మీద పటం పరిచాను.
కంటికి ఆపరేషనైంది,
చూడకుండా ముందు అరచేత్తో తడిమింది.
"ఇంతేనేటి బాబూ మా కొండ?"

అంగుళానికి మైలు, అన్నాను.
అంగుళమంటే? అంది.
బొటనవేలి కణుపు చూపించాను.

అప్పుడామె తన కణుపుతో
చుక్కల కాలిబాట కొలవడం మొదలెట్టింది.
"సంతకెల్లీ దారి. ఒకటి. రెండు.
ఇదిగో, ఇక్కడ దించీవోలం పసుపు తట్ట.
నడుమెత్తు బండ ఉండీది."
పటంలో అక్కడేమీ లేదు.
ఆమె మెడ మాత్రం ఆ చోట
కాస్త నిటారైంది.

తర్వాత ఊరి దగ్గరికొచ్చి వేలు ఆపింది.
నాలుగు నల్లచుక్కలు.
"నాలుగే ఏసినాడేటి? పద్నాలుగు కొంపలు మావి."
కాసేపు ఆలోచించింది.
"పెంకుటిల్లులే ఏసినాడు కావాల.
గడ్డికొంపలు ఏటేటా కప్పుతాం గదా,
ఉంటాయో ఉండవో అనుకున్నాడేమో."

మీదే చుక్క? అడగనే అడిగాను.
"మాది గడ్డిదే."

లేచి వెళ్లి చింతగింజలు తెచ్చింది, పది.
ఇది ఆరిక బోడెమ్మది.
ఇది బిడ్డిక సన్నాయిది, గుమ్మానికి తలుపుండేది కాదు.
ఇది కుమ్మరి దాలయ్యది, ఆవం ఎనకాతల.
ఇది మాది.
ఇది సవర సుంబురుది, కుక్కలు నాలుగు.
ఒక్కో గింజ కింద అరమైలు నేల.
ఇళ్లు కొండ కంటే పెద్దవై
వాగు మీద కూర్చున్నాయి,
బోడెమ్మ గడప ఏకంగా సరిహద్దు దాటింది.
ఎవరూ ఏమీ అనలేదు.

ఎందుకు లేచిపోయింది ఊరు?
"నీల్లు," అంది.
ఎక్కువయ్యో, తక్కువయ్యో
చెప్పలేదు.

పొద్దు వాలాక పటం మడుస్తుంటే
గింజలు నులకలోంచి జారి నేలరాలాయి.
మంచం కింద దూరి ఏరాను,
తొమ్మిదే దొరికాయి.
టార్చి తీశాను.

"పోనీలెద్దూ," అంది సూరమ్మ,
"అది ఎర్రయ్య ఇల్లయ్యుంటాది.
ఆడు ఏనాడూ ఇంటిపట్టునున్నోడు కాదు."