మడమతో గీసిన రెండు గీతలు

లోలాండ్ దీవిలో నవంబరు.
బీట్ దుంపలు పీకేసిన చేను
దువ్వని తలలా పడి ఉంది.
సముద్రం కనపడదు,
దాని ఉప్పు మాత్రం పెదవులకి తెలుస్తోంది.

చేను గలాయన మూడు షరతులు పెట్టాడు:
గుంటలు పూడ్చాలి, గేటు వేయాలి,
తన కుక్కకి రొట్టె పెట్టకూడదు.

విబెకెకి ఒక చెవే పనిచేస్తుంది.
ఓడ ఇంజన్ గదిలో పోయిందట రెండోది.
మిగిలిన ఆ ఒక్క చెవితోనే
ఇరవై ఏళ్ళుగా మట్టిని వింటోంది.

నా డిటెక్టర్ మోగింది.
పార ఎత్తాను.
మోచేత్తో అడ్డుకుంది.

"కూత వినగానే తవ్వేవాడు
ఒక వస్తువుకి నాలుగు గుంటలు తవ్వుతాడు, ఆస్గర్.
ముందు ఇటూ అటూ ఊపు.
గట్టిగా పలికిన చోట
బూటు మడమతో గీత గియ్యి.
ఇప్పుడు పక్కకొచ్చి నిలబడు,
ఆ గీతకి అడ్డంగా ఊపు. ఇంకో గీత.
రెండూ కోసుకున్న చోట ఉంటుంది,
ఉంటే."

ఆ 'ఉంటే' దగ్గర నవ్వింది.

"చివర్లలో కాయిల్ పైకి లేపేస్తున్నావు.
అది కొడవలి కాదు,
ఇస్త్రీపెట్టె అనుకో.
నేలకి ఆనీ ఆననట్టు పోవాలి.

ఒక వైపు నుంచి పలికి
ఇంకో వైపు నుంచి మూగబోయిందా, ఇనుము.
మేకు గొంతు గరగరమంటుంది,
సగం మాట మింగేస్తుంది.
మొదటి ఏడాది వాటినీ తవ్వు.
నూరు మేకులు తవ్వితే గానీ
వెండి గొంతు పోల్చుకోలేవు.

ఇప్పుడు మెల్లగా పైకెత్తు.
బెత్తెడు ఎత్తగానే ఆగిపోయిందా, చిన్నది.
మూరెడు ఎత్తినా అరుస్తోందా,
నూనె డబ్బానో, నాగలి ముక్కో,
ముందు నీ నడుముని అడిగి తవ్వు."

నాది బెత్తెడు దగ్గరే ఆగింది.
గీతలు కలిసిన చోటే పార ఆనించాను.

"అక్కడ కాదు!"

ఆ అరుపుకి గట్టు మీది కాకులు లేచాయి.
కాసేపు ఏమీ అనలేదామె.
తర్వాత తడి మట్టి మీద వేలితో
ఒక పిట్ట బొమ్మ వేసింది,
దాని మెడ మీదుగా అడ్డగీత.

"వెండి పిన్ను. నాకు దొరికిన మొదటి మంచి వస్తువు.
వెయ్యేళ్ళు మట్టి దాన్ని విరవలేదు,
నేను ఒక ఆదివారం పొద్దున విరిచాను.
ఇప్పుడు మ్యూజియం సొరుగులో ఉంది, రెండు ముక్కలుగా.
కింద చీటీలో దాని గురించి చాలా రాశారు.
'కొత్త విరుపు' అన్న రెండు మాటలే
నా గురించి."

జానెడు దూరం జరిగాను.
చుట్టూ కోసి, పెళ్ళ కిందికి పార దూర్చి
మొత్తంగా పైకి లేపి పక్కన పెట్టాను.
గుంటలో కాయిల్ పెడితే చప్పుడు లేదు.
ఇంకా లోతుకి తవ్వాను. లేదు.
పక్కకి తవ్వాను. వానపాము.
నా చెమటకి కళ్ళద్దాలు మసకబారాయి.

"గుంటనెందుకలా వేధిస్తావు,
కుప్పని అడగొచ్చుగా."

పెళ్ళని రెండుగా చీల్చాను.
ఒక సగం మౌనం. రెండోది కీచుమంది.
దాన్ని మళ్ళీ సగం చేశాను.
పిడికెడు మట్టి మిగిలాక
ఆ పిడికిలే మోగింది.

గుండీ.
ఇత్తడిది, నాలుగు చిల్లులు,
ఒక చిల్లులో మట్టి దారంలా బిగుసుకుంది.

"కోటుది," అంది విబెకె, వెలుతురికి పట్టి.
"దుంపల పనికి పోలండ్ నుంచి ఆడపిల్లలొచ్చేవాళ్ళు,
మా అమ్మమ్మ కాలంలో. వాళ్ళదే అయ్యుండొచ్చు.
కాకపోనూవచ్చు."

ఎవరిదో తెలియని ఆ అమ్మాయి
సాలు మధ్యలో వంగి, లేచి,
ఛాతీ దగ్గర చలి దూరాక గానీ
చూసుకుని ఉండదు.
తనూ వెతికే ఉంటుంది,
మడమతో గీతలు గియ్యకుండా,
ఒట్టి కళ్ళతో.

బొటనవేలు గుండీ మీదికి పోయింది.

"రుద్దకు," అందామె.
"ఇంటికెళ్ళి నీళ్ళలో వెయ్యి."

గుంట పూడ్చి తొక్కాను.
నా రెండు గీతలూ పోయాయి.
అప్పటికే పది అడుగుల అవతల ఉందామె,
పనిచేసే చెవి నేల వైపు వంచి.

గేటు దగ్గర కుక్క
నా జేబు వాసన చూసింది.
రొట్టె కాదురా, అన్నాను.