సంపు ఉన్నది, పంపు లేదు

పగలంత నీళ్లు తోడుడే నా నౌకరి.
గని అడుగున సంపుల ఊట ఊరుతనే ఉంటది.
మోటరు జరసేపు ఆగిందా,
నీళ్లు బూటు లేసు దాక వస్తయి.
అసొంటోణ్ణి,
పొద్దుగూకంగ క్వార్టర్‌కొచ్చి
జేడ్ చెట్టు కుండీల చెంబెడు నీళ్లు పోసేటోణ్ణి.
రోజూ.
పండుగనాడు రెండు చెంబులు.

బల్లార్షా ఎండాకాలం. నలభై ఏడు.
రేకుల మీద కాకి వాలదు.
గొంతు ఎండేది నాకు,
దప్పిక దానిదనుకున్న.

ముందు కింది ఆకు పసుపెక్కింది.
ముట్టుకుంటే రాలి
ఉడికిన చిక్కుడు గింజ లెక్క చేతిల చితికింది.
నీళ్లు చాలలేదేమోనని ఇంకింత పోసిన.
ఆకులు ముడుతలు పడ్డయి,
ఎండిందనుకొని ఇంకింత.
ఎండినా మురిగినా చెట్టు
ఒక్క తీర్గనే మొకం వేలేస్తదని
నాకేం ఎరుక?

కణుపులల్ల తెల్ల పిండి పురుగు పట్టినంక
వెనుక లైన్ల ఉండే శేవంతాబాయి గేడాం వచ్చింది.
మట్టిల వేలు గుచ్చి, వాసన చూసి,
"పాణీ జాస్త్ ఝాలం, పోశెట్టి భావూ" అన్నది.

నవ్విన.
నీళ్లు ఎక్కువైనయని
ముప్పై ఒక్క ఏండ్ల పంపు ఖలాసీకి చెప్తున్నది!
తర్వాత నవ్వు రాలే.

కుండీ బోర్లించినం.
పూలపూల పింగాణీ కుండీ, రాజురా సంతల బేరమాడి తెచ్చింది.
అడుగున తూటు లేదు.
సంపు ఉన్నది, పంపు లేదు.

వేర్లు నల్లగ, నానిన గోనె దారాల లెక్క.
ఆమె కత్తిని మంట మీద కాల్చి
కాండం కోసుకుంట పోయింది.
గోధుమరంగు చుక్క కనవడితే ఇంకింత పైకి,
ఇంకింత,
పచ్చటి కండ వచ్చేదాక.
మోకాలెత్తు చెట్టు జానెడు మిగిలింది.
"ఎనిమిది రోజులు నీడకు పండవెట్టు.
గాయం ఆరాలె. మట్టి వద్దు.
నీళ్లు ముట్టనే వద్దు."

మరాఠీ పేపరు మీద పండుకున్న చెట్టు ముంగట
చెంబు పట్టుకొని నిలవడ్డ.
చేతికి ఏం చేయాల్నో తెల్వలే.
ఆ నీళ్లు నేనే తాగిన.

తొమ్మిదో నాడు
మట్టి కుండకు మొలతో మూడు తూట్లు వొడిచిన.
క్యాంటీన్ పొయ్యి చిట్టెం జల్లెడ పట్టి రెండు పాళ్లు,
ఇటుక ముక్కలు, గుప్పెడు మన్ను.
ఇన్నేండ్లు దాని ఆకుల మీద మసి పోసిన బొగ్గే
ఇప్పుడు వేర్ల కింద నీళ్లను సాగనంపుతది.
ఫస్ట్ ఎయిడ్ డబ్బాల స్పిరిటు దూదితో
పురుగును ఒక్కొక్కటి తుడిచిన.
మేస్త్రీ చూసి ఎవరికి దెబ్బ తాకిందన్నడు.
చెప్పలే.

వాన మొదలైంది. కుండను చూరు లోపటికి జరిపిన.
గనిల ఊట పెరిగింది, రెండు మోటర్లు నడుస్తున్నయి.
ఇంటికొస్తే వేలు గుచ్చి చూస్తున్న:
లోపట ఇంక చల్లగనే ఉన్నది.

కొనకు రెండు ఆకులు, పెసరగింజంత.
నీళ్లు పోయలే.
శుక్రవారం చూస్త.