నాలుగో బల్ల

డాబాగార్డెన్స్‌లో మెట్లెక్కితే రెండో అంతస్తు,
కీబోర్డుల మీద దుమ్ముగుడ్డలు, మేకులకి ఉకులేలేలు.
ప్రీయాంప్ కావాలన్నాను.
ఎలాంటిదన్నాడు కుర్రాడు.
నా గిటారులో ఎముక కింద అతికించిన బిళ్ళ ఉంది,
స్పీకరుకి తగిలిస్తే బాతులా అరుస్తుంది, అదీ బాధ.
నవ్వి, మూడు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నా వెంట సన్యాసిరావు వచ్చాడు.
పెళ్ళిళ్ళకీ, చర్చిలకీ, నూకాలమ్మ పండక్కీ
ముప్ఫయ్యేళ్ళుగా మైకులు కట్టినవాడు.
డబ్బాల వైపు చూడనైనా లేదు.
స్టూలు మీద కూచుని కళ్ళు మూసుకున్నాడు.
"వాయించు. పేర్లు సెప్పకు. దరలు అసలే సెప్పకు."

మొదటిది ఇరవయ్యారు వేలు.
తీగ తాకగానే దేవదారు అడవి లేచి నిలబడింది.
నా గిటారుకి ఎవరిదో పెళ్ళికోటు అద్దెకి తెచ్చి తొడిగినట్టుంది.
సింహాచలం బస్సులో పడి భుజం చీలితే
మద్దిలపాలెం వడ్రంగి జిగురు పెట్టిన చోటొకటుంది,
మూడో తీగ గట్టిగా లాగితే అక్కడ చిన్న గరగర.
ఎంత లాగినా గరగర రాలేదు.
"ఎవుల గిటారిది?" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

రెండోదానికి మీటలు పద్నాలుగు.
అన్నీ కొంచెం తిప్పాను,
అన్నిటికీ కొంచెం పశ్చాత్తాపపడ్డాను.

మూడోది నల్లటి ఇనప డబ్బా, సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది.
బేస్, మిడిల్, ట్రెబుల్,
గది కేకేస్తే ఆ ఒక్క కేకనీ కోసే మీట,
ఫేజ్ అని చిటికెనవేలి గోరంత బొత్తాం.
గరగర వినబడింది.
బాతూ ఉంది, మేహాద్రిగెడ్డకి అవతలెక్కడో.
సన్యాసిరావు కళ్ళు తెరిచాడు.
"మిడిల్ తగ్గించు. ఇంకొంచెం. ఆఁ, సాలు.
ఇక్కడ బాగుందని మురిసిపోకు,
నీ హోటలు గది ఇక్కడికి మోసుకురాలేం గదా."

నిజమే. లాసన్స్ బేలో ఆ గదికి మూడువైపులా అద్దాలు,
ఐదో తీగ మీటితే చాలు, పట్టుకుని ఊళ పెడుతుంది.
మొదటి శనివారం, జనం రాకముందు, ఆ మీట తిప్పుతూ వెతికాను,
చీకట్లో నొప్పి పన్నుని నాలికతో వెతికినట్టు.
దొరికింది. ఊళ ఆగింది.
ఆ స్వరం ఉన్న చోట ఇప్పుడో చిన్న గుంట,
నా వేలు రోజూ దాన్లో కాలేస్తుంది.

రెండు వారాలు బాగానే నడిచింది.
మూడో శనివారం పాట సగంలో ఉండగా
డబ్బాలో తొమ్మిది వోల్టుల బ్యాటరీ కన్నుమూసింది.
ఆపలేదు. వాయిస్తూనే ఉన్నాను.
మొదటి బల్ల వాళ్ళు చెంచాలు దించారు. రెండో బల్ల. మూడో బల్ల.
చెక్క, గోరు, గరగర, అద్దం అవతల సముద్రం.
ఈమాత్రానికి పదకొండు వేలు తగలేశానా అనుకుంటూ తలెత్తాను.

నాలుగో బల్ల దగ్గర ఒకావిడ ఒక్కతీ ఉంది,
పోర్టు ఆసుపత్రి యూనిఫారం మీద స్వెట్టరు.
ముందుకి వంగింది. చెవి వెనక అరచెయ్యి పెట్టుకుంది.
ఇంకా వంగింది.
తర్వాత వంగడం మానేసి,
ప్లేటు పక్కనున్న ఫోను తీసుకుంది.

మర్నాడు జగదాంబ దగ్గర బ్యాటరీలు రెండు కొన్నాను.
ఒకటి డబ్బాలోకి, ఒకటి జేబులోకి.
"సిల్లరతో కలిపి ఎట్టకు," అన్నాడు సన్యాసిరావు,
"వేడెక్కిపోద్ది."